కడప కౌన్సిల్ హాల్లో కుర్చీ ఎక్కడ వేయాలి?

2024 నవంబరులో కడప నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం జరిగింది. ఆ రోజు అజెండాలో ఏ పనులున్నాయో, ఏ తీర్మానాలు ఆమోదం పొందాయో ఇప్పుడు అడిగితే నగరంలో చెప్పగలిగేవారు తక్కువ. అందరికీ గుర్తున్నది ఒక కుర్చీ. కడప ఎమ్మెల్యే మాధవీరెడ్డి సమావేశానికి వచ్చేసరికి వేదిక మీద మేయర్ పక్కన ఆమెకు కుర్చీ లేదు. ఆమె కూర్చోకుండా నిలబడే నిరసన తెలిపారు. డిసెంబరు సమావేశంలోనూ అదే వివాదం, అదే నిలబడటం, హాల్లో అవే కేకలు. ఎమ్మెల్యేకు ఇంతకాలం వేదిక మీదే చోటిచ్చి ఇప్పుడెందుకు తీసేశారని ఒక పక్షం అడిగింది. ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే వేరే పదవి రీత్యా కౌన్సిల్లో సభ్యులైనవారు, ఎవరైనా మిగతా సభ్యులతో పాటు కిందే కూర్చోవాలని రెండో పక్షం అంది.

ఎవరిది ఏ పార్టీ అన్నది పక్కన పెట్టి చూస్తే, ఆ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఎమ్మెల్యే ఎక్కడ కూర్చోవాలన్నది ఏ కాగితంలో రాసి ఉంది?

సభ్యత్వం సంగతి రాసి ఉంది. నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చే నియోజకవర్గాల పార్లమెంటు, శాసనసభ సభ్యులకు అందులో ప్రాతినిధ్యం కల్పించే వీలును రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం రాష్ట్రాలకు ఇచ్చింది. 1955లో హైదరాబాద్ కోసం చేసిన మునిసిపల్ కార్పొరేషన్ చట్టమే 1994 నాటి చట్టం ద్వారా మన మిగతా నగరాలకూ వర్తించింది. దాని ప్రకారం వాళ్లు ఎక్స్ అఫీషియో సభ్యులు, కార్పొరేటర్ల లాగే ఓటు వేయగలరు. ప్రజల ఓటుతో కాక కౌన్సిల్ తానే చేర్చుకునే కో-ఆప్షన్ సభ్యులకు ఆ హక్కు లేదు. వాళ్లు మాట్లాడవచ్చు, ఓటు వేయలేరు. చట్టం చెప్పాల్సింది ఇక్కడికి చెప్పేసింది. కుర్చీ వేదిక మీద ఉండాలా, కింద ఉండాలా అన్నది చట్టసభ తేల్చే విషయం కాదు. అది కౌన్సిల్ తన హాలుకు తాను రాసుకోవాల్సిన నియమం. రాసుకోలేదు కాబట్టి ఆనవాయితీ మీద నడిచింది. కుర్చీ వేసే అధికారం ఎవరి చేతిలో ఉంటే ఆనవాయితీ వారిదే అవుతుంది. ఆ చేయి మారిన రోజున గొడవ తప్పదు.

కడప అనుభవంలో చూడాల్సిన అసలు విషయం ఇదే. తన నడతకు తానే నియమాలు రాసుకోని కౌన్సిల్, ఆ నడత మీద తీర్పు చెప్పే పనిని ఇతరులకు అప్పగిస్తుంది. వివాదం ముదిరితే హాల్లోకి పోలీసులు వస్తారు, ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిస్తుంది, చివరికి హైకోర్టు తేలుస్తుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు స్వపరిపాలన ఇచ్చిందని చెప్పుకుంటాం. ఇచ్చిన అధికారం కొంచెం కొంచెంగా అమరావతికి తిరిగి వెళ్లిపోయే దారుల్లో ఇదొకటి.

నియమాలు అక్కరకు రాని రోజులు

2021 మార్చి ఎన్నికల్లో కడపలోని 50 డివిజన్లలో 48 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. అనంతపురంలోనూ 50కి 48. కర్నూలులో 52కి 41. రాష్ట్రంలో అధికారమూ ఆ పార్టీదే, ఎమ్మెల్యేలూ ఆ పార్టీ వారే. అలాంటి హాల్లో సభా నియమాలు కావాలని ఎవరికీ అనిపించదు. అజెండా చదువుతారు, ‘ఆమోదం, ఆమోదం’ అంటారు, గంటలో సమావేశం ముగుస్తుంది. ప్రతిపక్షంలో మిగిలిన ఒకరిద్దరు లేచి మాట్లాడితే వినాలా వద్దా అన్నది మేయర్ మర్యాదను బట్టి ఉంటుంది.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఎమ్మెల్యే ఒక పార్టీ, మేయర్ మరో పార్టీ. కొందరు కార్పొరేటర్లు అటు నుంచి ఇటు వచ్చారు. నిన్నటిదాకా ఎవరూ తెరవని నియమాల పుస్తకం ఒక్కసారిగా అందరికీ కావాల్సి వచ్చింది. కానీ ఆ వేడిలో ఎవరు నియమం రాసినా రెండో పక్షం నమ్మదు. ఎవరిని ఇరికించడానికి రాశారోనన్న అనుమానమే ముందుంటుంది. సభలో దాదాపు అందరూ ఒకే పార్టీ వారైనప్పుడే నియమాలు రాసుకోవడం సులభం. కానీ అప్పుడు రాయాలన్న తలంపు రాదు. కడపలో ఇదే జరిగింది. రేపు మెజారిటీలో ఉన్నవారు మారితే ఇక గొడవ ఉండదని ఎవరైనా అనుకుంటే, అది 2021లో చేసిన పొరపాటునే మళ్లీ చేయడం.

కర్నూలుది ఇంకో రకమైన నష్టం. 2014లో కడప, అనంతపురం నగరాలకు ఎన్నికలు జరిగినా కర్నూలుకు జరగలేదు. 2021 వరకు అక్కడ పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారుల పాలనే. కొత్తగా ఎన్నికైన కార్పొరేటరుకు ప్రశ్న ఎలా వేయాలి, సవరణ ఎలా పెట్టాలి, అసమ్మతి ఎలా నమోదు చేయించాలి అని నేర్పేది పక్క సీట్లో కూర్చున్న పాత కార్పొరేటరే. అన్నేళ్లు సభే లేకపోతే ఆ నేర్పు ఒక తరం నుంచి మరో తరానికి అందదు. రాసిన నియమాల అవసరం అలాంటి చోట రెట్టింపు.

మేయర్ ఒకరే, పాత్రలు రెండు

కార్పొరేషన్ చట్టం ప్రకారం నగరాన్ని నడిపే అధికార స్థానాలు మూడు. సర్వసభ్య మండలి అంటే కౌన్సిల్, స్థాయీ సంఘం, కమిషనర్. కార్యనిర్వహణ అంతా కమిషనర్ చేతిలో ఉంటుంది. ఆయన సమావేశంలో కూర్చుంటారు, వివరణ ఇస్తారు, ఓటు మాత్రం వేయరు. మేయర్ సభకు అధ్యక్షులు. నగర పరిపాలనలో మేయర్ చేతిలో నేరుగా ఉన్న పెద్ద అధికారం ఏదైనా ఉందంటే అది సభను నడిపే అధికారమే. ఎవరికి మైకు ఇవ్వాలి, ఏ అంశం ముందు తీసుకోవాలి, అల్లరి చేస్తున్న సభ్యుడిని ఎప్పుడు బయటికి పంపాలి, సభను ఎప్పుడు వాయిదా వేయాలి అన్నవన్నీ అందులోకే వస్తాయి.

చిక్కంతా అదే మనిషి తన పార్టీకి నగరంలో నాయకుడు కూడా కావడంలో ఉంది. శాసనసభలో ముఖ్యమంత్రి వేరు, స్పీకర్ వేరు. కౌన్సిల్లో ఆ రెండు పాత్రలూ ఒకే కుర్చీలో కూర్చుంటాయి. తన మీదే ఆరోపణ వచ్చినప్పుడు, దాని మీద చర్చకు అనుమతించాలా వద్దా అని తేల్చేదీ ఆ మేయరే. అందుకే అధ్యక్ష స్థానం విచక్షణకు వదిలేసే విషయాలు ఎంత తగ్గితే అంత మంచిది. ప్రతి సభ్యుడికి ఇన్ని నిమిషాలు, ముందుగా రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్నలు వచ్చిన వరుసలోనే, అధ్యక్షుల మీద ఆరోపణ చర్చకు వస్తే ఆ అంశం వరకు డిప్యూటీ మేయర్ అధ్యక్షత అని ముందే రాసి ఉంటే ఎవరి మర్యాద కోసమూ ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. మేయర్‌కూ అది రక్షణే. ‘నేను కాదన్నాను’ అనే బదులు ‘నియమం కాదంటోంది’ అనవచ్చు.

కుర్చీ సంగతీ అంతే. ఎక్స్ అఫీషియో సభ్యులకు వేదిక మీద చోటివ్వడం తప్పని గానీ, ఇవ్వకపోవడం తప్పని గానీ చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. రెండింటికీ వాదనలున్నాయి. ఓటున్న సభ్యులంతా సమానమే కాబట్టి అధ్యక్షులు తప్ప అందరూ కిందే కూర్చోవాలన్న వాదనకు బలం ఎక్కువని చెప్పాలి. అయితే ఆ మాట ఎమ్మెల్యే సొంత పార్టీ మనిషైనప్పుడు కూడా వర్తించి ఉండాలి.

ఎక్స్ అఫీషియో ఓటును తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదని అనంతపురం జిల్లా తాడిపత్రి 2021లోనే చూపించింది. 36 వార్డుల ఆ పురపాలక సంఘంలో తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16, సీపీఐకి ఒకటి, స్వతంత్ర అభ్యర్థికి ఒకటి వచ్చాయి. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లు కలిస్తే 16 కాస్తా 18 అవుతుంది. చివరికి సీపీఐ సభ్యుడూ స్వతంత్రుడూ ఎటు చేయి ఎత్తారన్నదే ఛైర్మన్ ఎవరో తేల్చింది. అంత దగ్గరి పోటీలో ఎవరి ఎక్స్ అఫీషియో నమోదు చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్న ప్రతి మాటా పదవి విలువ చేస్తుంది.

టేబుల్ అజెండా

కుర్చీ గొడవ కెమెరాలకు దొరుకుతుంది. నగరానికి ఎక్కువ నష్టం చేసేది కెమెరాకు చిక్కదు. దాని పేరు టేబుల్ అజెండా, అంటే ముందుగా పంపకుండా సమావేశం రోజునే బల్ల మీద పెట్టే అంశాలు.

మామూలు పద్ధతిలో కమిషనర్ కార్యాలయం అంశాలు తయారుచేస్తుంది. అంచనా వ్యయం, ఏ నిధి నుంచి ఖర్చు, ఇంజినీరింగ్ విభాగం నోట్ అన్నీ జతచేసి సమావేశానికి ముందే సభ్యులకు పంపుతారు. కార్పొరేటర్ ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి, డివిజన్‌లో నలుగురిని అడగడానికి, స్థలం వెళ్లి చూడటానికి ఆ వ్యవధి. నిజంగా అత్యవసరమైనవి కొన్ని ఉంటాయి. 2020 నవంబరులో నివర్ తుపానుకు కడపలో బుగ్గవంక పొంగినప్పుడు లాంటి పరిస్థితిలో ఎవరూ ముందస్తు నోటీసు కోసం కూర్చోరు. అలాంటి వాటి కోసం సమావేశం రోజునే అంశాన్ని బల్ల మీద పెట్టే వెసులుబాటు అవసరమే. మేయర్ ముందస్తు ఆమోదం ఇచ్చి పని మొదలుపెట్టించి, తర్వాత సభ చేత ధ్రువీకరింపజేసే పద్ధతీ అందుకే ఉంది.

వెసులుబాటే దారిగా మారినప్పుడు చిక్కు వస్తుంది. దుకాణాల అద్దె గడువు పొడిగింపు, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చిన పని, పాత అంచనా పెంపు వంటివి వరద కావు. అయినా బల్ల మీదికి వచ్చేవి తరచుగా ఇలాంటివే. అప్పటికప్పుడు చేతికొచ్చిన పది పేజీలను చదివే వ్యవధి ఏ సభ్యుడికీ ఉండదు. చదవకుండానే ఆమోదం అంటారు. రెండేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తే, ఆ తీర్మానం కింద తన సంతకం ఉన్నట్టు అప్పుడు తెలుస్తుంది.

ఈ విషయంలో వేరే దేశపు పద్ధతి ఒకటి పరిశీలించదగ్గది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1953 నుంచి బ్రౌన్ చట్టం ఉంది. నగర కౌన్సిల్ సాధారణ సమావేశానికి కనీసం 72 గంటల ముందు అజెండాను ప్రజలకు కనిపించేలా పెట్టాలి. అందులో లేని అంశం మీద, కొన్ని అత్యవసర మినహాయింపులు తప్ప, కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు. నిర్ణయానికి ముందు ఆ అంశం మీద మాట్లాడే హక్కు మామూలు పౌరుడికి ఉంటుంది. ఆ దేశపు నగరాల తీరు వేరు, మనది వేరు. అన్నీ ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు. కానీ ఏ అంశమైనా ముందు ఊరికి తెలియాలి, తర్వాతే సభ ముందుకు రావాలన్న సూత్రానికి ఏ దేశమైతేనేం. కడపలో అజెండా ప్రతి విలేకరులకు అందుతుంది, కార్పొరేటర్లకు అందుతుంది. చిన్నచౌకులోనో అల్మాస్‌పేటలోనో ఏ వీధిలో కాలువ పని ఆ కాగితంలో ఉందో ఆ వీధి వారికి మాత్రం తెలియదు.

కౌన్సిల్ తానే ఒక చిన్న నియమం పెట్టుకోవచ్చు. టేబుల్ అజెండాగా వచ్చే ప్రతి అంశానికీ అది ఎందుకు ఆగలేదో కమిషనర్ రాతపూర్వకంగా రెండు వాక్యాలు రాయాలి, ఆ వాక్యాలు మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, చేరాలి. రాయాల్సి వస్తే చాలా అంశాలు తమంతట తామే వచ్చే సమావేశానికి వాయిదా పడతాయి.

ప్రయోజనం ఎక్కడ మొదలవుతుంది

ప్రవర్తన నియమావళి అనగానే అరవకూడదు, మైకు విరగ్గొట్టకూడదు, పోడియం ఎక్కకూడదు అనే చాలామందికి తోస్తుంది. అవి అవసరమే గానీ పై పొరలు. కౌన్సిలర్ ప్రవర్తనలో గుండెకాయ లాంటి ప్రశ్న మరొకటి. సభలో ఎత్తిన ఆ చేయి ఎవరి కోసం ఎత్తింది?

కడప మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం దీనికి ఒక కొలత పెట్టింది. ఒక అంశంలో సభ్యుడికి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆర్థిక ప్రయోజనం ఉంటే, అది ప్రజలందరికీ మామూలుగా వర్తించే ప్రయోజనం కాకపోతే, ఆ అంశం మీద అతను ఓటు వేయకూడదు, చర్చలోనూ పాల్గొనకూడదు. వందేళ్ల కిందటి ఈ వాక్యంలో ఎంత ఆలోచన ఉందో ఒక ఉదాహరణతో చూస్తే తెలుస్తుంది. నగరమంతటికీ ఆస్తి పన్ను తగ్గించే తీర్మానం వచ్చింది. కార్పొరేటర్‌కూ ఇల్లుంది, అతనికీ పన్ను తగ్గుతుంది. ఓటు వేయవచ్చు, ఎందుకంటే ఆ లాభం ఊరందరిదీ. వై జంక్షన్ దగ్గర ఒక కొత్త రోడ్డు ప్రతిపాదన వచ్చింది, ఆ రోడ్డు పడితే కార్పొరేటర్ బావమరిది వేసిన లేఅవుట్‌కు దారి దొరుకుతుంది. ఇది అందరి లాభం కాదు. అతను లేచి విషయం చెప్పి, హాలు దాటి వెళ్లాలి. ఉండి మౌనంగా కూర్చున్నా చాలదు. కూర్చున్న సభ్యుడి కళ్లెదుట తోటి సభ్యులు వ్యతిరేకంగా మాట్లాడలేరు.

కాంట్రాక్టుల విషయంలో చట్టం ఇంకా కఠినంగా ఉంది. నగరపాలక సంస్థతో చేసుకునే ఒప్పందంలో సభ్యుడికి తానుగా గానీ భాగస్వామి ద్వారా గానీ వాటా ఉంటే సభ్యత్వానికే అనర్హుడు. కంచే చేను మేయకూడదన్న మాటకు చట్టం ఇచ్చిన రూపమిది. 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం కడప మేయర్‌ను పదవి నుంచి తొలగిస్తూ ఇచ్చిన ఉత్తర్వు ఈ కోవలోనిదే. నగరపాలక పనులు కుటుంబ సభ్యుల నిర్మాణ సంస్థకు దక్కాయన్నది అభియోగం. ఆయన దాన్ని కాదని హైకోర్టుకు వెళ్లారు. అదే ఏడాది చివరికి కౌన్సిల్ కొత్త మేయర్‌ను ఎన్నుకుంది. అభియోగంలో నిజానిజాల జోలికి పోకుండా, ఆ వ్యవహారం ఏ దారిన నడిచిందో చూడాలి. ఫిర్యాదు ప్రభుత్వానికి వెళ్లింది, విజిలెన్స్ విచారించింది, సచివాలయం ఉత్తర్వు ఇచ్చింది, కోర్టు విన్నది. ఇందులో ఏ మెట్టు దగ్గరా కౌన్సిల్ లేదు. యాభై మంది ఎన్నుకున్న మేయర్ పదవి గురించి ఆ యాభై మందీ పత్రికల్లో చదివి తెలుసుకున్నారు.

కౌన్సిల్‌కు ఒక ప్రయోజనాల పట్టిక ఉండి ఉంటే ఏం జరిగేది? పదవిలోకి వచ్చిన నెలలోనే ప్రతి సభ్యుడూ తనకు, భార్య లేదా భర్తకు, పిల్లలకు, తోబుట్టువులకు ఉన్న వ్యాపారాలు, కాంట్రాక్టు లైసెన్సులు, నగర పరిధిలోని స్థలాలు రాసి ఇవ్వాలి. టెండరు తెరిచే అధికారి బల్ల మీద ఆ పట్టిక ఉండాలి. అలా ఉంటే రెండింటిలో ఒకటి జరిగేది. ఆ సంస్థకు పని దక్కకుండా మొదటి రోజే ఆగేది. లేదా సంస్థకు కుటుంబంతో సంబంధం లేదని మొదటి రోజే రుజువయ్యేది. ఏళ్ల తర్వాత రాజకీయం మారాక బయటికొచ్చే ఏ నిజమూ పూర్తి నిజంలా కనిపించదు. కక్ష సాధింపు అని సగం ఊరు అంటుంది, పాపం పండింది అని మిగతా సగం అంటుంది.

బినామీ పేర్లతో పనులు చేయించుకునేవారిని పట్టిక ఆపదని అనవచ్చు. నిజమే, పూర్తిగా ఆపదు. కానీ పట్టికలో దాచడం వేరే తప్పు అవుతుంది, దాన్ని రుజువు చేయడం అసలు తప్పును రుజువు చేయడం కంటే చాలా తేలిక.

మాటకు రక్షణ లేదు

శాసనసభలో ఎమ్మెల్యే అన్న మాటకు 194వ అధికరణం రక్షణ ఇస్తుంది. పార్లమెంటులో ఎంపీకి 105వ అధికరణం ఉంది. కౌన్సిల్లో కార్పొరేటర్‌కు అలాంటిదేమీ లేదు. ఇది చాలామంది కార్పొరేటర్లకే తెలియదు. హాల్లో ఒక అధికారిని దొంగ అని పేరు పెట్టి తిడితే పరువు నష్టం కేసు వేయవచ్చు. విచిత్రమేమిటంటే అదే హాల్లో ఎక్స్ అఫీషియోగా కూర్చున్న ఎమ్మెల్యేకు కూడా ఆ రక్షణ అక్కడ వర్తించదు. అది శాసనసభలో అన్న మాటకే గాని మనిషి వెంట ఊళ్లన్నీ తిరగదు.

లంచం విషయంలో కూడా తేడా గమనించాలి. 1993లో పి.వి. నరసింహారావు నంద్యాల ఎంపీగా, ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఓట్లు కొన్నారన్న కేసు 1998లో సుప్రీంకోర్టు ముందు తేలింది. సభలో వేసిన ఓటుకు రక్షణ ఉంది కాబట్టి డబ్బు తీసుకుని ఓటు వేసిన ఎంపీలను విచారించలేమని అప్పటి తీర్పు. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో దాన్ని కొట్టివేసింది. కౌన్సిలర్లకు ఆ రక్షణ మొదటినుంచీ లేదు. మునిసిపల్ కౌన్సిలర్ అవినీతి నిరోధక చట్టం కింద ప్రజాసేవకుడే అని సుప్రీంకోర్టు 2013లో మనీష్ త్రివేది కేసులో స్పష్టంగా చెప్పింది. మేయర్ ఎన్నిక ముందు కార్పొరేటర్లను హోటళ్లలో దాచిపెట్టే క్యాంపు రాజకీయం మన దగ్గర మామూలైపోయింది. ఆ హోటల్ బిల్లు ఎవరు కట్టారన్నది చట్టం దృష్టిలో చిన్న ప్రశ్న కాదు.

విప్, అంటే ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, గురించి ఒక మాట. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు స్థానిక సంస్థలకు వర్తించదు. మేయర్ ఎన్నిక, అవిశ్వాసం వంటి సందర్భాల్లో పార్టీ విప్‌ను రాష్ట్ర చట్టమే తెచ్చింది. చేయి ఎత్తి ఓటు వేస్తారు. విప్ ధిక్కరిస్తే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది, సభ్యత్వం పోతుంది. అవిశ్వాసానికి నాలుగేళ్లు ఆగాలన్న నిబంధన వల్లే 2025 మార్చి తర్వాత రాష్ట్రంలో అవిశ్వాసాలు వరుస కట్టాయి. ఇవన్నీ పదవుల సంగతులు. డివిజన్ కాలువ మీద, తాగునీటి పైపు మీద విప్ ఉండదు. కానీ కార్పొరేటర్లు అక్కడ కూడా విప్ ఉన్నట్టే నడుచుకుంటున్నారు. గండి, లింగంపల్లి నీటి పథకాల నుంచి వచ్చే నీళ్లు తన డివిజన్‌కు రెండు రోజులకోసారి వస్తున్నా, సొంత పార్టీ పెట్టిన అంశాన్ని ప్రశ్నించకూడదన్న భయం ఎక్కువ.

మహిళా కార్పొరేటర్ల భర్తల గురించి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. డివిజన్‌లో పనులు చూసేది, అధికారులకు ఫోన్ చేసేది, కొన్నిసార్లు సమీక్షల్లో కూర్చునేది మాత్రం భర్త. దీన్ని ఆపాల్సింది ఆమె కాదు, అధికారులు. కార్పొరేటర్ కాని మనిషి ఫోన్ చేస్తే ‘మేడంతో మాట్లాడించండి’ అనే ఒక్క మాట ఇంజినీర్లకు నియమంగా ఇస్తే చాలావరకు పరిస్థితి మారుతుంది. ఆమెకు అజెండా ప్రతి ఆమె చేతికే అందాలి, తెలుగులో అందాలి. ఉర్దూ మాత్రమే చదవగలిగే సభ్యులు కడపలో ఎప్పుడూ ఉంటారు కాబట్టి వారికి ఉర్దూలో కూడా.

వార్డు కమిటీల సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరంలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది, కడప ఆ సంఖ్యను 2011 జనాభా లెక్కల్లోనే దాటేసింది. ఆ కమిటీలు నిజంగా కూర్చుంటే టేబుల్ అజెండా బాధ సగం తగ్గుతుంది, ఎందుకంటే అంశం కింది నుంచే పుడుతుంది.

2021 మార్చి 18న మేయర్లను ఎన్నుకున్న ఈ కౌన్సిళ్లకు 243యూ అధికరణం ప్రకారం ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. తర్వాత వచ్చే పాలకవర్గం తొలి సర్వసభ్య సమావేశంలోనే, పనుల జాబితా కంటే ముందు, తన సభా నియమావళిని అజెండాలో మొదటి అంశంగా పెట్టుకోవాలి. ప్రమాణ స్వీకారం చేసిన రోజుల్లో ఇంకా ఎవరూ ఎవరి మీదా కత్తి నూరడం మొదలుపెట్టరు. ఎక్స్ అఫీషియో సభ్యుల చోటు, ప్రశ్నల సమయం, టేబుల్ అజెండాకు కారణం, ప్రయోజనాల పట్టిక, అసమ్మతిని పేరుతో సహా నమోదు చేయడం, మినిట్స్ ఎన్ని రోజుల్లో సిద్ధం కావాలి అన్న వాటికి నాలుగైదు పేజీలు చాలు.

అంతవరకు నగరవాసి చేతిలో ఒక పని ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం మండళ్లు, కమిటీల సమావేశాలు ప్రజలకు తెరిచి ఉన్నాయా, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉన్నాయా అన్నది ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే పది రూపాయల దరఖాస్తుతో గత సమావేశం మినిట్స్, టేబుల్ అజెండా అంశాల జాబితా, ఎవరెవరు అసమ్మతి తెలిపారు అన్న మూడింటినీ అడగవచ్చు. జవాబివ్వడానికి కార్యాలయానికి 30 రోజుల గడువు. ఆ ప్రతిలో సొంత డివిజన్ పేరు ఎన్నిచోట్ల వచ్చిందో, అక్కడ సొంత కార్పొరేటర్ ఏం మాట్లాడారో ముందు వెతికి చూడాలి.